తలుపున్న ఇంటికే నంబరు

ఆ రాజ్యంలో ఉత్తరాలను ఒక యంత్రం వేరు చేసేది. దానికి ఒకటే కన్ను. ఉత్తరం మీద ఏది రాసి ఉంటే అది చదివి, ఆ చోటికి వెళ్లే సంచిలో పడేసేది.

ఒక చెరువు గట్టున తుంగచాపలు అల్లేవాళ్ల గుడిసెలు నలభై ఉండేవి. గట్టు చివర ఎత్తు మీద ఒక మేడ. గుడిసెలకు వచ్చే ప్రతి ఉత్తరం మీదా ‘కేరాఫ్ మేడ’ అని ఉండేది. తాతల నాటి అలవాటు. మేడాయన ఉత్తరం విప్పి ముందు తాను చదువుకునేవాడు. తర్వాత బుద్ధి పుడితే పిలిపించి ఇచ్చేవాడు. దాన్ని అందరూ దయ అనేవారు. దయట! ఎవరి ఉత్తరం వాళ్లకివ్వడం దయ ఎప్పుడైంది?

చెరువులోని తుంగ ఎవరిదన్న తగాదా రాజుగారి న్యాయస్థానానికి ఎక్కింది. గుడిసెల తరఫున అర్జీ పెట్టింది ఒక చాపలావిడ. విచారణకు రమ్మని ఆమెకు రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ గడువు దాటాకే మేడలోంచి బయటపడ్డాయి. మూడోసారి కూడా హాజరు కాకపోతే తుంగ మేడ పాలవుతుంది. తుంగ లేకపోతే చాప లేదు. చాప లేకపోతే కూడు లేదు.

ఆమె టపా మనిషిని దారిలో ఆపింది.

“నాయనా, ఈసారి ఉత్తరం నా చేతికియ్యి.”

“మేడ అని రాసుంటే మేడకే ఇవ్వాలమ్మా. నా ఉద్యోగం పోతుంది.”

“ఆ యంత్రాన్నే బతిమాలుకుంటే?”

టపా మనిషి పగలబడి నవ్వాడు. “దానికి చెవులెక్కడివి? ఉన్నదల్లా కన్నే.”

ఆమె ఆ మాటే పట్టుకుంది. “చెవులు లేవా? అయితే మేడాయన మాట కూడా వినదన్నమాట.”

ఆ వారమే రాజుగారి చాటింపు వచ్చింది. ఇకమీదట ప్రతి ఉత్తరం మీదా ఇంటి నంబరు, వీధి, ఊరి ఆరంకెల సంఖ్య ఉండాలి. పాత పద్ధతికి గడువు ఏడాది. నంబర్లు వేయడానికి ఒక అధికారి కుంచె, రంగుడబ్బా పట్టుకుని వచ్చాడు. ముందు మేడకే వెళ్లాడు.

“మేడకి నంబరేమిటయ్యా? మేడంటే చాలదూ?” అని మేడాయన గేటు దగ్గర నుంచే పంపించేశాడు.

అధికారి గుడిసెల వైపు వచ్చి తల గోక్కున్నాడు. గుమ్మాలకు చాపలు వేలాడుతున్నాయి. “చాప మీద నంబరు వేస్తే గాలికి కొట్టుకుపోతుంది. తలుపున్న ఇంటికే నంబరు. అది రూలు. పది రోజుల్లో మళ్లీ వస్తాను.”

పది రోజులు! నలభై తలుపులు!

“మనకెందుకే ఈ గొడవ? మేడ మన నెత్తిమీద నీడ,” అన్నాడు ఒక ముసలాయన.

“నీడలో తుంగ మొలవదు మావా,” అంది చాపలావిడ. తన పడవ లాక్కొచ్చి అందరి ముందు గొడ్డలి పెట్టి చీల్చింది. ఆ పడవ మీద వెళ్లే ఆమె తుంగ కోసేది. అది చూసి అందరూ తలుపులకు చెక్క వెతికారు. బండి పలకలు ఊడాయి. మంచం పట్టెలు విరిగాయి. ఒకడు ట్రంకు పెట్టె మూత తెచ్చాడు. ఒక్క తలుపూ ఇంకో తలుపులా లేదు. ఒకటి మూసుకోదు, ఒకటి తెరుచుకోదు.

మేడాయన గట్టు మీద నిలబడి చూశాడు. “తలుపులేనా? లోపల దాచుకోవడానికేమైనా ఉందా?”

“మా పేర్లున్నాయండీ,” అంది ఆమె.

పదోనాడు అధికారి వచ్చి, రోడ్డు వైపు నుంచి వరసగా నంబర్లు వేశాడు. ముసలాయన అలిగాడు. “నా వయసుకైనా ఒకటో నంబరు ఇవ్వొద్దూ?” “ఇది వయసుకిచ్చేది కాదు తాతా. మొదటి గుమ్మం ఎవరిదైతే వాళ్లది,” అన్నాడు అధికారి. మొదటి గుమ్మం ఊళ్లో ఎవరూ పలకరించని ఒక ఒంటరి ఆడమనిషిది. ఆమె ఆ నంబరు చూసుకుంటూ ఆ రోజంతా గడప దిగలేదు.

చాపలావిడది ఇరవై మూడు. న్యాయస్థానానికి కార్డు మీద తన కొత్త చిరునామా రాసింది. టపా మనిషి చూసి ఆపాడు. “ఊరి సంఖ్యలో ఈ ఏడంకె ఒకటిలా ఉందమ్మా. ఇలాగే అక్కడా రాసుకున్నారంటే నీ ఉత్తరం కొండల అవతల ఊరికి పోతుంది. యంత్రం మన మీద జాలిపడి సరిదిద్దదు.” ఆమె ఆ కార్డు చింపి ఇంకొకటి రాసింది. అంకెకూ అంకెకూ మధ్య వేలెడంత చోటు వదిలింది.

విచారణకు ఇంకా ఆరు రోజులుందనగా ఇరవై మూడో తలుపు చప్పుడైంది. ఆమె కవరు విప్పింది. అంతవరకూ ఇంకెవరూ విప్పని కవరు! గుడిసెలన్నీ లేచాయి. చంటిపిల్లల్ని చంకనేసుకుని, సద్ది మూటలు కట్టుకుని, నలభై ఇళ్లూ న్యాయస్థానానికి నడిచాయి. ఎవరి తరఫున వచ్చారని అడిగితే, ఎవరి నంబరు వాళ్లు గొంతెత్తి చెప్పారు. అధికారుల చెవులు గింగుర్లెత్తాయి. తుంగ గుడిసెలవాళ్లదని తీర్పు వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా పాటలే.

ఏడాది గడువు తీరింది. మేడకు ఉత్తరాలు ఆగిపోయాయి. నెల రోజులు చూసి మేడాయన గట్టు దిగి వచ్చాడు.

“మాకే నంబరొస్తుంది?”

“నలభై ఒకటండీ,” అంది చాపలావిడ.

“మీకంటే ముందు కట్టిన ఇల్లు మాది!”

“లెక్క రోడ్డు వైపు నుంచి మొదలైందండీ. మీరు చివర ఉన్నారు.” ఆమె లోపలికి వెళ్లి, అధికారి వదిలి వెళ్లిన రంగుడబ్బా తెచ్చి ఆయన చేతికిచ్చింది.

ఆయన అది తీసుకెళ్లి, రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడకుండా తలుపు మూలన చీమంత అంకెలతో వేసుకున్నాడు.

కొన్నాళ్లకు ఆ ఊరికి కొత్త టపా మనిషి వచ్చాడు. నలభై ఇళ్లూ తిరిగి, చివరి ఉత్తరం పట్టుకుని ఎత్తు మీది గేటు ముందు నంబరు కనబడక తచ్చాడాడు. తర్వాత కిందికొచ్చి చాపలావిడను అడిగాడు.

“అమ్మా, ఆ పెద్దింట్లో మనుషులుంటున్నారా?”

ఆమె చాప అల్లుతూ తలెత్తింది. “ఉంటారు నాయనా. వెళ్లి తలుపు తట్టు. ఇచ్చేది వాళ్ల చేతికే ఇయ్యి.”