చిల్లగింజలకు విలువ కట్టిన బొంతయ్య

అనగనగా, వేసవి వచ్చిందంటే ఆకు కూడా కదలని ఒక అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒళ్లంతా జుట్టే గనక ఆ పేరు పెట్టారు. మంచివాడే, కాకపోతే కాస్త మొహమాటం ఎక్కువ.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేదర్రా. ఎండలు ముదిరితే వాగులన్నీ ఎండిపోయి ఒక్క మడుగే మిగిలేది. ఆ మడుగు పక్కన నీడలో చోటు కావాలంటే, ఎవరైనా సరే అందరికీ పనికొచ్చే వస్తువు ఒకటి తెచ్చివ్వాలి. దానికి విలువ కట్టడానికి ముగ్గురు పెద్దలు బండ మీద కూర్చునేవారు. ఏనుగు కొండప్ప తొండంతో ఎత్తి బరువు చూస్తాడు. నెమలి సొగసయ్య మెడ తిప్పి మెరుపు చూస్తాడు. బొంతయ్య నాకి రుచి చూస్తాడు. ఆ పెద్దలకు ఒక కట్టుబాటు కూడా ఉంది. "నాకు తెలియదు" అన్న మాట వాళ్ల నోట రాకూడదు. వచ్చిందా, ఆ క్షణమే బండ దిగిపోవాలి. బొంతయ్య బండెక్కింది ఆ ఏడాదే. దిగడమంటే పాపం ప్రాణం పోయినంత పని.

ఆ ఏడు మడుగు కూడా అడుగంటి బురదనీళ్లే మిగిలాయి. అవి తాగి కొండప్ప కూతురు, చిన్న గున్నేనుగు, కడుపునొప్పితో మూలుగుతూ పడుకుంది. ఇక ఆ నీళ్లు ముట్టనంటే ముట్టనంది.

కోతి పనసకాయ మోసుకొచ్చింది. "బరువుంది," అన్నాడు కొండప్ప. చోటు దొరికింది. కాకి ఎక్కడిదో గాజుపెంకు తెచ్చింది. "ఆహా, ఏం మెరుపు," అన్నాడు సొగసయ్య. దానికీ చోటు దొరికింది. గాజుపెంకు ఎవరికి పనికొస్తుందని నన్ను అడగకండి. అక్కడ కూడా ఎవరూ అడగలేదు.

చివరికి ఏదుపంది సూదమ్మ వచ్చింది. వెనకాల ఇద్దరు పసివాళ్లు, ఇంకా ముళ్లు కూడా గట్టిపడలేదు. సూదమ్మ బండ మీద గుప్పెడు చిల్లగింజలు పోసింది.

కొండప్ప ఎత్తి చూశాడు. "ఇదేం బరువమ్మా, తొండానికి తగిలినట్టే లేదు. పనికిరావు."

సొగసయ్య మొహం తిప్పుకున్నాడు. "మట్టి రంగు. పనికిరావు."

బొంతయ్య ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. తీపీ లేదు, పులుపూ లేదు. చప్పిడి గింజ.

"నువ్వూ ఇవి పనికిరావని అనెయ్యవయ్యా," అన్నాడు కొండప్ప. "వీళ్లు కొండ అవతలి ఏటికి పోతారు."

కొండ అవతలికి అంటే కాలే బండల మీద పొద్దస్తమానం నడక. ఆ పసివాళ్లు సగం దూరం కూడా పోలేరు. బొంతయ్య ఆ పసివాళ్ల వంక చూశాడు. ఒక్క మాట అనేస్తే తన చోటు పదిలం. కానీ రుచి లేదని తెలిసింది తప్ప, ఆ గింజల సంగతి తనకేం తెలిసింది గనక?

"నాకు తెలియదు," అన్నాడు బొంతయ్య.

అందరూ ఘొల్లున నవ్వారు.

"అయితే దిగు," అన్నాడు కొండప్ప.

బొంతయ్య దిగాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. అయినా తిన్నగా సూదమ్మ దగ్గరికెళ్లి, "ఇవి దేనికమ్మా?" అని అడిగాడు.

"హమ్మయ్య, అడిగేవాడు ఒక్కడైనా దొరికాడు," అంది సూదమ్మ. "బరువన్నారు, మెరుపన్నారు, నన్ను నోరెత్తనిస్తేగా. బురదనీళ్లు తేరుకోవడానికి ఇవి, అన్నా. గరుకు రాయి మీద తడిపి అరగదియ్యి. ఆ గంధం నీళ్లలో కలుపు. ఆ తర్వాత కదపకు, అంతే."

బొంతయ్య ఆకుదొప్పలతో మడుగు నీళ్లు తెచ్చి బండ పక్కనున్న రాతిగుంట నింపాడు. గింజలు అరగదీయడానికి కూర్చున్నాడు.

"ఎలుగుబంటి గంధం తీస్తోందర్రా, పెళ్లెవరికో," అన్నాడు సొగసయ్య. మళ్లీ నవ్వులు. బొంతయ్యకు అరచేతులు మండిపోయాయి. ఆపలేదు. గంధం కలిపి, గుంట పక్కనే కాపలా కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి బురదంతా అడుక్కి దిగింది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. గుంట అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి.

"ఇటు రా తల్లీ," అని బొంతయ్య గున్నేనుగును పిలిచాడు. అది వచ్చి తొండం ముంచింది. ఒక గుక్క తాగింది. ఆగింది. తర్వాత తల ఎత్తకుండా తాగింది.

కొండప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతటి ఏనుగూ బండ దిగి వచ్చి సూదమ్మ ముందు తల వంచాడు. "తప్పయిపోయిందమ్మా. నీ పిల్లలు నా నీడలోనే ఉంటారు. బొంతయ్యా, నువ్వు మళ్లీ బండెక్కు."

"ఎక్కుతాను," అన్నాడు బొంతయ్య. ఈసారి మొహమాటపడలేదు. "ఒక్క మాట ఒప్పుకోండి. తెలియదన్నవాడు దిగనక్కర్లేదు. ఇది దేనికని అడిగితే చాలు."

"ఒప్పుకున్నాం," అని అడవంతా ఒక్క గొంతుతో అరిచింది. కోతులు బొంతయ్యను బండ మీదికి మోసుకెళ్లాయి. మధ్యలో ఒకసారి జారవిడిచాయి కూడా, ఆ బరువుకి.

మర్నాడు కొండప్ప గాజుపెంకు తొండంతో తీసుకుని కాకిని అడిగాడు, "ఇంతకీ ఇది దేనికే?"

కాకి తల గోక్కుంది. "నాకూ తెలియదు," అంది.

దాని చోటు తీసెయ్యలేదు లెండి. చిల్లగింజలు ఏరుకొచ్చే పని అప్పజెప్పారు. ఆ వేసవంతా అడవిలో ఎవరూ బురదనీళ్లు తాగలేదు.

నీతి: దేనికైనా విలువ కట్టేముందు అది దేనికి పనికొస్తుందో అడగాలి. తెలియనప్పుడు తెలియదని చెప్పినవాడే ఆ విలువ తెలుసుకుంటాడు.