మద్దిలేటమ్మ బిడ్డ కొలత

"ఒకసారి సరిగ్గా కొలిస్తే చాలదా సార్? మళ్లీ మళ్లీ ఎందుకు?" అని అడిగింది స్వర్ణలత. కర్నూలులో గర్భిణులకు స్కానింగ్ చేసే డాక్టర్ ఇస్మాయిల్ గారి దగ్గర పని నేర్చుకోవడానికి చేరి ఆమెకు నెల కూడా కాలేదు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. తలుపు వైపు చూసి, తర్వాతి మనిషిని రమ్మన్నారు.

వచ్చింది వెల్దుర్తి మద్దిలేటమ్మ. ఆరో నెల. చీకటి గదిలో, తెర మీద బూడిదరంగు మబ్బు కదిలింది. అందులోంచి తల మెల్లగా తేలివచ్చింది. లోపల మెదడు, గాలి తగలని పొగలా నిలిచి ఉంది. స్వర్ణ తెర మీద తల చుట్టూ కొలత గీత గీసింది. మూడుసార్లు గీసినా పద్దెనిమిది సెంటీమీటర్లే. కడుపులో బిడ్డకు ఆ వారానికి కనీసం ఉండాల్సినంత కూడా లేదు.

"తల చిన్నగా ఉంది" అన్న మాట ఆమె నోటినుంచి జారిపోయింది.

మద్దిలేటమ్మ చెయ్యి పొట్ట మీదికి పోయింది. "తెలివి లేని బిడ్డ పుడతాదా సార్? మా అత్తకు తెలిస్తే తీయించుకోమంటాది."

ఇస్మాయిల్ గారు సొరుగులోంచి టేపు తీసి ఆమె తల కొలిచారు. బయట కూర్చున్న మొగుణ్ణి పిలిచి అతని తలా కొలిచారు. రెండూ చిన్నవే. "రెండు వారాలకు రా తల్లీ. అందాకా ఎవరూ ఏమీ తేల్చొద్దు" అన్నారు.

ఆ రెండు వారాలూ స్వర్ణకు కంటినిండా నిద్ర లేదు. కునుకు పడితే చాలు, నీళ్లడుగున ఒక చిన్న తల, తన చేతిలో దాని చుట్టూ తిరగని దారం. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తెల్లారేదాకా అనుకునేది.

మద్దిలేటమ్మ మళ్లీ వచ్చింది. మబ్బు మళ్లీ విచ్చుకుంది. ఈసారి ఇరవై. ఏ బిడ్డ తలైనా ఆ రెండు వారాల్లో పెరిగేది దాదాపు అంతే. నున్నగా ఉండిన మెదడు అంచున, గోటితో తాకినట్టు, ఎదిగే మెదడుకు పడే సన్నని గాడి ఒకటి పడి ఉంది.

"మీ ఇంటి తలే అమ్మా. తన దారిన తాను ఎదుగుతోంది" అన్నారాయన.

మద్దిలేటమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చాలాసేపు తెరనే చూసి, "ఇప్పుడు నిద్రపోతాందా?" అని గొంతు తగ్గించి అడిగింది.

ఆమె వెళ్లాక స్వర్ణ నెమ్మదిగా అంది: "అయితే మొన్న నా కొలత తప్పా సార్?"

"తప్పేం కాదమ్మా. మొన్న నువ్వు తలను కొలిచావు. ఇవాళ ఎదుగుదలను కొలిచావు" అన్నారు ఇస్మాయిల్ గారు.