ముళ్ళప్ప నల్లాకు మందారం

ఈ కథలో అబద్ధముందనే మొనగాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి! ఎవరూ లేరా? అయితే వినండి పిల్లలూ.

అనగనగా ఒక కొండ అడవిలో ముళ్ళప్ప అనే ముళ్ళపంది ఉండేది. నాటు మందారం మొదలుకు నల్లాకు మందారం కొమ్మను అంటుకట్టి, తన బొరియ ముందు పెంచింది. దాని ఆకులు ఎంత నలుపంటే, మిట్టమధ్యాహ్నం కూడా మిణుగురులు దీపాలు వెలిగించుకుని వచ్చేవి! పూలు ఎంత ఎరుపంటే, కోతులు వాటి దగ్గర చలి కాచుకునేవి!

ఆ పొద కింద చుక్కమ్మ అనే కౌజు పిట్ట పిల్లల్ని చేసింది. నల్లటి నీడలో నల్లమచ్చల పిల్లలు. పైన తిరిగే డేగకు ఏమీ కనిపించేది కాదు.

ఒకనాడు అంటు కింద, నాటు మొదలు నుంచి పచ్చటి పిలక ఒకటి లేచింది.

"అన్నా, దాన్ని తుంచెయ్! అంటు కింది పిలక పై కొమ్మల నోటికాడి కూడు లాగేస్తుంది" అంది చుక్కమ్మ.

ముళ్ళప్ప కొరకబోయింది. అంతలో చిలుక, "అబ్బ, ఏం ఏపు!" అంది. ఉడుత, "నీ చేతి చలవే మామా!" అంది. కోతి అయితే, "రేపటికి మబ్బుల్ని తాకుతుంది!" అని చప్పట్లు కొట్టింది. ముళ్ళప్ప పొంగిపోయింది. పిలకను వదిలేసింది.

పిలక తాటిచెట్టంత అయింది. నల్లాకులు రాలిపోయాయి. గూటి మీద ఎండ పడింది.

"అన్నా, పిల్లలకింకా రెక్కలు రాలేదు" అంది చుక్కమ్మ, గొంతు తగ్గించి.

"రేపు చూద్దాంలే చెల్లీ."

ఆ మధ్యాహ్నమే డేగ నీడ పొద మీద ఆగింది. గూట్లో ఒక పిల్ల కదిలింది. అంతే! డేగ రెక్కలు ముడిచి రాయిలా పడింది.

"అన్నా!"

ముళ్ళప్ప ఒక్క దూకు దూకింది. ఆ అదురుకు కొండ బెత్తెడు పక్కకు జరిగింది! గూటిమీద బోర్లా పడి ముళ్ళు నిక్కబొడిచింది. డేగ కాళ్ళు చీరుకుపోయాయి. అయినా అది పోలేదు. ఎదురు బండ మీద వాలి, చూస్తూ కూర్చుంది.

ముళ్ళప్ప లేస్తే పిల్లలు దక్కవు. పడుకున్నచోటే మెడ చాచి, పళ్ళు అరిగేలా ఆ పిలకను మొదలంటా కొరికేసింది. మళ్ళీ నల్లాకులు చిగిర్చేదాకా ఎండలో, వానలో తనే నీడై పడి ఉంది. పొగిడిన ముగ్గురూ అటు తొంగి చూడలేదు. చుక్కమ్మే దుంపలు తెచ్చి నోటికందించింది.

"చెల్లీ, పిల్లలకు ముళ్ళు గుచ్చుకుంటున్నాయా?"

"కడుపు వైపు ముళ్ళు లేవుగా అన్నా. నువ్వు కదలకు, చాలు."

చివరికి నల్లాకులు మళ్ళీ కమ్ముకున్నాక, గూడు కనిపించక డేగ ఎగిరిపోయింది.

నమ్మరా? వెళ్ళి ఆ బండ కింది ఉడుము ఓబన్నను అడగండి. అంతా కళ్ళారా చూసింది!

నీతి: పొగడ్తలకు మురిసి పెంచిన పిలక, నమ్ముకున్నవాళ్ళ నీడను తినేస్తుంది. లేతగా ఉన్నప్పుడే తుంచాలి.