పడుగు కొసలు

వీరభద్రయ్య మాస్టారి దగ్గరికి సందేహం పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరూ చేతులు ముడుచుకుని కూర్చున్న పాపాన పోలేదు. "అడుగుదువుగానీ, ముందు ఈ కండెలు చుట్టు" అనేవారాయన. చీరాల పక్కన ఒక ఊళ్ళో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి, రిటైరైన మర్నాడే తండ్రిగారి గుంట మగ్గంలో దిగి కూర్చున్న మనిషి. నేనూ ఆయన శిష్యుణ్ణే. పెళ్ళి చేసుకోమంటారా వద్దంటారా అని అడగడానికి వెళ్ళి, ఒక పూటంతా నూలు ఆరేసి, అసలు సంగతి అడగడం మరిచి ఇంటికొచ్చాను. తరవాత చేసుకున్నాననుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు చెప్పబోయేది ఇందుమతి సంగతి. మాస్టారి దగ్గర పదో తరగతి దాకా చదివి, ఆయన మాట మీదే గణితంలో ఎమ్మెస్సీ చేసి, ఒంగోల్లో ఒక జూనియర్ కాలేజీలో పన్నెండేళ్ళుగా లెక్కలు చెబుతున్న అమ్మాయి. అమ్మాయని అలవాటుకొద్దీ అంటున్నాను గానీ ముప్పై ఆరేళ్ళున్నాయి. వేసవి సెలవుల్లో ఒక మంగళవారం పొద్దున్నే దిగింది. సైకాలజీలో ఎమ్మేకి దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది ఆమె ప్రశ్న. శుక్రవారం సాయంత్రం అయిదింటితో గడువు తీరిపోతుంది. చేరితే రెండేళ్ళు జీతం లేని సెలవు పెట్టాలి, వైస్ ప్రిన్సిపాల్ వరసలో తన తరవాతివాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు. భర్తని అడిగితే "నీ ఇష్టం" అన్నాడట. ఆ మాటంత పనికిరాని సలహా లోకంలో మరొకటి లేదని నా అభిప్రాయం. స్టాఫ్ రూములో ఒకాయన మాత్రం నవ్వి, "చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, ఎమ్మెస్సీ మీద ఎమ్మే ఏమిటండీ? అయితే ఈ పన్నెండేళ్ళూ ఏమైనట్టు?" అన్నాడట. భర్త మాట కంటే ఆ మాటే ఆమె గుండెల్లో దిగబడింది.

తన దగ్గర చదివిన రిజ్వానా అనే పిల్ల గురించి కూడా చెప్పింది. బోర్డు దగ్గర నిలబెడితే ఎంతటి లెక్కయినా చేసే ఆ పిల్ల, పరీక్ష హాల్లో కూర్చుంటే చెయ్యి చెమటలు పట్టి పేజీకి మార్జిన్లు మాత్రం గీసి వచ్చేది. రెండుసార్లు తప్పింది. ఇంట్లోవాళ్ళు చదువు మానిపించారు.

"లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో నేను చూపించగలను మాస్టారూ. ఆ చెయ్యి ఎందుకు ఆగిపోతోందో నాకు తెలియలేదు. తెలుసుకోవాలనుంది. కానీ ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి చదవడమంటే, ఇన్నాళ్ళూ దారి తప్పి నడిచానని ఒప్పుకోవడమే కదా?" అంది.

మాస్టారు ఆ ముందురోజే మగ్గం మీది ఆఖరి చీర కోసి షావుకారుకి అప్పజెప్పారు. కొత్త పడుగు, అంటే తరవాతి చీరలకి నిలువు పోగుల చుట్ట, వెనకవీధిలో సిద్ధంగా ఉంది. "నేను వెళ్ళి పడుగు తెస్తాను. ఈలోగా మగ్గం దులిపి శుభ్రం చేసి పెట్టమ్మా" అని కండువా వేసుకుని వెళ్ళారు. ఆయన భార్య రత్తమ్మగారు నీళ్ళ పంపు దగ్గరున్నారు.

ఇందుమతికి శుభ్రం పిచ్చి. కొత్త లెక్క ఎత్తుకునేముందు నల్లబల్ల మీద సుద్దపొడి కూడా కనపడకూడదు. ఇప్పుడు మగ్గంలో చూస్తే, పోగుల్ని విడివిడిగా పట్టి ఉంచే అచ్చుకి జానెడేసి దారప్పోగులు దుమ్ము పట్టి, ముడులు ముడులుగా వేలాడుతున్నాయి. చీరయితే కోసేశారు, ఇక ఈ పీలికలెందుకనుకుంది. కత్తెర తెచ్చి ముడులన్నీ కోసి, పోగులన్నీ లాగేసి, చీపురుతో ఊడ్చి, ఆ దారాల కుప్ప వాకిట్లో పడేసింది. అచ్చు కడిగిన పళ్ళెంలా బోసిగా నిలబడింది. చూసుకుని సంతోషపడింది కూడాను.

మగ్గం సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పడుగులో పోగులు మూడు వేలకు పైనే ఉంటాయి. అచ్చులో ముందొకటీ వెనకొకటీ రెండు వరసల కళ్ళుంటాయి, ప్రతి పోగూ ఒక్కొక్క కంటిగుండా దూరి రావాలి. అందుకని ఒక పడుగు నేయడం అయిపోయాక, చీర కోసి, పాత కొసల్ని అచ్చులోనే ముడివేసి ఉంచుతారు. కొత్త పడుగు వచ్చాక, వేళ్ళకి బూడిద అద్దుకుని, కొత్త పోగుని పాత కొసకి మెలిపెట్టి అతుకుతారు. అన్నీ అతికాక ముందుకి లాగితే పాతది కొత్తదాన్ని వెంటబెట్టుకుని కంట్లోంచి బయటికి తెస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళకి ఒక రోజు పని. ఆ కొసలే లేకపోతే మొదటికే మోసం. మూడు వేల పోగులూ ఒక్కొక్కటే దూర్చుకోవాలి.

రత్తమ్మగారు బిందెతో లోపలికి వస్తూ వాకిట్లో కుప్ప చూశారు.

"అయ్యో తల్లీ! కొసలు పీకేశావా?"

విషయం అర్థమయ్యేసరికి ఇందుమతి ఆ కుప్ప దగ్గరికి పరుగెత్తింది. భుజాన పడుగుతో వచ్చిన మాస్టారు గుమ్మంలోనే ఆగి, అచ్చు వంక కాసేపు చూశారు. కోప్పడతారని ఇద్దరికీ అనిపించింది.

"చెప్పకపోవడం నాదే తప్పు" అన్నారు చివరికి. "చీకటి పడేలోగా ఒక పక్కయినా మొదలెడదాం. నువ్వు వెనక కూర్చో, ఇందూ."

మాస్టారు కావాలనే చెప్పకుండా వెళ్ళారని మా శిష్యుల్లో కొందరు తరవాత ప్రచారం చేశారు. రత్తమ్మగారి చెవిన పడితే, "మూడు రోజుల చాకిరీ ఎవడైనా కోరి నెత్తికెత్తుకుంటాడా? మీ గురువు మహానుభావుడే గానీ మరీ అంత వెర్రివాడు కాదులే" అని కొట్టిపారేశారు. నేను ఆమె పక్షం.

ఆ రాత్రికి ఇందుమతి ఊరు వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు. మగ్గం వెనక కూర్చుని పడుగులోంచి ఒక్కొక్క పోగు విడదీసి అందించడం ఆమె పని. ముందువైపు నుంచి రత్తమ్మగారు సన్నని కొక్కెంతో దాన్ని కంట్లోంచి లాగేవారు. ఒక పోగు ముందు వరసలోంచి, తరవాతది వెనక వరసలోంచి, మళ్ళీ ముందు, మళ్ళీ వెనక. నూరు పోగులకొకసారి ముడి. రత్తమ్మగారి కళ్ళు అలిసిపోతే మాస్టారు కూర్చునేవారు. బుధవారం సాయంత్రానికి ఇందుమతి వేళ్ళు వాచాయి. గడువు దగ్గర పడుతోందని ఒకసారి అంది. "ఔను, దగ్గర పడుతోంది" అన్నారు మాస్టారు. అంతే. నాకైతే ఒళ్ళు మండేది. ఆమె మాత్రం మరో పోగు అందుకుంది.

గురువారం మధ్యాహ్నం, సగం దాటాక, ముడి వెయ్యబోతున్న రత్తమ్మగారిని ఇందుమతి ఆపింది.

"ఆగండమ్మగారూ. నూరో పోగు వెనక వరసకి రావాలి. ముందుకొచ్చింది. ఎక్కడో రెండు పోగులు వరసగా ఒకే వైపు పడ్డాయి."

"నూట్లో ఎక్కడని వెతుకుతాం? అన్నీ పీకాల్సిందేనా?" అన్నారు రత్తమ్మగారు నీరసంగా.

ఇందుమతి కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "అరవై దాటాక ఒకచోట మీ చెయ్యి ఆగింది. మాస్టారు వసారాలో దగ్గారు చూడండి, అప్పుడు. అక్కడినుంచి చూద్దాం."

చూశారు. అరవై మూడో పోగూ, అరవై నాలుగో పోగూ జంటగా ముందు వరసలోనే ఉన్నాయి. అక్కడిదాకా మాత్రమే విప్పి సరిచేసుకున్నారు.

రత్తమ్మగారు కొక్కెం ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి, "ఏం చెప్పమంటావమ్మా. చలికాలం నుంచీ ఆ దగ్గు తగ్గట్లేదు. ఆస్పత్రికి రమ్మంటే రాడు. అది వినపడ్డప్పుడల్లా నా చెయ్యి నా మాట వినదు" అన్నారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇందుమతి అచ్చు సందులోంచి చెయ్యి పోనిచ్చి ఆ ముసలి వేళ్ళు పట్టుకుని కూర్చుంది. వసారాలో ఉన్న మాస్టారికి ఇదంతా వినపడకుండా ఉండదు. ఆయన విననట్టే ఉన్నారు. కానీ మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, ఎవరూ చెప్పకుండానే ఆస్పత్రికి వెళ్ళి చూపించుకుని మందులతో తిరిగొచ్చారు.

మళ్ళీ పని మొదలయ్యాక రత్తమ్మగారు మాట మార్చడానికి, "ఆ దరఖాస్తులో ఏం రాయాలమ్మా?" అని అడిగారు.

"పేరూ ఊరూ, చదువూ. ఆ తరవాత, ఈ చదువులో ఎందుకు చేరదలిచావో రెండు వందల మాటల్లో రాయమన్నారు. ఎప్పుడో రాసి పెట్టుకున్నాను."

"ఏమని?"

"ఇంతవరకు చదివిన గణితాన్ని పూర్తిగా వదిలించుకుని, కొత్తగా..."

ఆ మాట దగ్గర ఆమె చేతిలో పోగు చేతిలోనే ఉండిపోయింది. రత్తమ్మగారు కొక్కెం చాచి ఎదురుచూశారు. కాసేపటికి, "ఊఁ, ఇవ్వమ్మా" అన్నారు మెల్లగా. ఇందుమతి పోగు అందించింది. 

శుక్రవారం మూడు గంటలవేళకి ఆఖరి పోగు కంట్లోంచి బయటపడింది. మాస్టారు మగ్గంలో దిగి, పడుగు బిగించి, అడ్డపోగు నేసే నాడె కాసేపు అటూ ఇటూ విసిరి చూశారు. నాలుగు వేళ్ళ మేర తెల్లని గుడ్డ తేలింది, ఎక్కడా పోగు దాటలేదు. ఇందుమతి వాకిట్లో కూర్చుని ఫోన్లో దరఖాస్తు తెరిచింది. పాత రాత మొత్తం కొట్టేసింది. పన్నెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నానని మొదలుపెట్టి, రిజ్వానా పేరు చెప్పకుండా ఆ పిల్ల సంగతి రాసి, తప్పు ఎక్కడుందో లెక్క చెబుతుందనీ, అక్కడే చెయ్యి ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి వస్తున్నాననీ ముగించింది. రెండు వందల మాటలు దాటాయని ఫోను పేచీ పెట్టింది. కొన్ని విశేషణాలు తీసేసి, నాలుగూ నలభైకి పంపించేసింది. పంపాక చిన్నపిల్లలా నవ్వింది. అంతలోనే ముఖంలో పాత దిగులు తొంగిచూసింది.

ఒంగోలు బస్సుకని లేచి, గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

"మాస్టారూ, రేపెప్పుడో ఇంటర్వ్యూకి పిలిస్తే వాళ్ళు కూడా అదే అడుగుతారు. ఇన్నేళ్ళు చేసిందంతా ఏమైందీ అని. ఏం చెప్పమంటారు?"

మాస్టారు నాడె పక్కన పెట్టారు.

"నేసింది కోసి ఇచ్చేశాను, ఎవరెవరో కట్టుకు తిరుగుతున్నారని చెప్పు. కొసలు మాత్రం నా దగ్గరే ఉన్నాయని చెప్పు" అన్నారు.