పక్షులు వేపాకు నమిలిన రోజు

ఇది చాలా చిన్న కథ. పళ్ళెంలో అన్నం చల్లారేలోపు అయిపోతుంది. మధ్యలో ఎవరూ అడ్డు రాకపోతే ఇంకా ముందే అయిపోతుంది.

ఒకప్పుడు పక్షులన్నీ పిల్లలకి పాలిచ్చేవి.

ఆవుకీ మేకకీ ఉన్నట్టు పొదుగు కాదు. మెడ కింద చిన్న సంచి ఉండేది. తల్లికి పాలు అందులో ఊరేవి. పిల్ల నోరు తెరిస్తే వంగి నోట్లో పోసేది. మగపక్షులకీ ఆ సంచి ఉండేది కానీ, వాళ్ళు అందులో గింజలు దాచుకునేవారు. కాకి పాలిచ్చేది, కొంగ పాలిచ్చేది. గద్ద కూడా ఇచ్చేది. ఇచ్చేటప్పుడు సిగ్గుపడి కళ్ళు మూసుకునేదట. చూసినవాళ్ళు చెప్పారు, నేను నమ్మాను.

కథ పావురం గురించి. కానీ పావురం ఇంటికి వెళ్ళాలంటే కోడి ఇంటి మీదుగా వెళ్ళాలి. దారి అదొక్కటే.

కోడి పేరు సన్యాసమ్మ. పిల్లలు పదకొండు మంది.

ఆ రోజుల్లో ఏ పిల్లా పాలు మానేది కాదు. ఎందుకు మానుతుంది? నోరు తెరిస్తే వెచ్చగా వచ్చి పడుతుంటే, పురుగు వెనక పరిగెత్తే పిల్ల ఎక్కడుంటుంది? కొంగ కొడుకు తల్లికన్నా జానెడు పొడుగయ్యాడు. పాలు తాగాలంటే మోకాళ్ళు మడిచి, మెడ మెలితిప్పి, తల్లి ముక్కు కిందకి దూరేవాడు. వాడికి అప్పటికే పెళ్ళి కుదిరింది. నెమలి కొడుకు పురి విప్పి ఆడుతూ ఆడుతూ మధ్యలో ఆగి, "అమ్మా, ఆకలి" అని వెళ్ళిపోయేవాడు. చూడవచ్చినవాళ్ళు నేలచూపులు చూస్తూ నిలబడేవారు.

సన్యాసమ్మ పిల్లలు పదకొండు మందీ ఒకేసారి మీద పడేవారు. ఆమె నడిచి వస్తుంటే ఈకలే నడిచి వస్తున్నట్టుండేది. లోపల కోడి ఉందో లేదో దగ్గరికొస్తే గానీ తెలిసేది కాదు.

ఒకరోజు ఆమె తాటితోపులో తల్లులందరినీ పోగేసింది.

"ఎన్నాళ్ళమ్మా ఈ పాలు? మనం ముసలివాళ్ళమయ్యాక కూడానా?" అంది.

"నిజమే వదినా. నిన్న మావాడు పాలు తాగుతుంటే పెళ్ళివారొచ్చారు," అంది కొంగ.

అక్కడికక్కడే కట్టుబాటు చేసుకున్నారు. పిల్ల కళ్ళు తెరిచిన తొమ్మిదో రోజున అన్నప్రాసన చేయాలి. మేనమామ తొలిముద్ద పెట్టాలి. ఆ పొద్దున తల్లి వేపాకు నమలాలి. దాంతో పాలు చేదవుతాయి, పిల్ల మొహం తిప్పుకుంటుంది, రెండు రోజుల్లో పాలు ఇంకిపోతాయి.

"ఇంకో సంగతి," అంది సన్యాసమ్మ. "తొలిముద్దలోకి విరిగిన గింజ పనికిరాదు. శుభమా అని అన్నం ముట్టిస్తూ నూక పెడితే, పిల్ల బతుకంతా నూకలే."

అందరూ తలలూపారు. తండ్రుల్ని ఎవరూ ఏమీ అడగలేదు. తండ్రులూ ఏమీ చెప్పలేదు. సన్యాసమ్మ మొగుడు పుంజు మాత్రం చివర్లో లేచి గట్టిగా కూశాడు. ఏ విషయం మీదో తెలియలేదు.

మర్నాడు తల్లులంతా వేపాకు నమిలారు. తోపు చుట్టుపక్కల వేపచెట్లకి ఆకు మిగల్లేదు. పిల్లలు ఒక పూట ఏడ్చి గోలచేశాయి. రెండో పూటకి కోడిపిల్లలు కాళ్ళతో నేల గీకి ఏరుకు తింటున్నాయి. కొంగ కొడుకు నీళ్ళలోకి చూసి, "ఈ చేపలు ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయా?" అన్నాడు.

అంతా బాగానే ఉంది. ఇప్పుడు పావురం ఇంటికి వెళ్దాం.

పొలాల మధ్య రాతి గోడల బావి ఒకటుంది. ఆ గోడలో మూరెడు లోతున్న గూట్లో పావురం నీలాలు, ఆమె మొగుడు గవరయ్య కాపురముండేవారు. గవరయ్యకి పనేమీ లేదని ఊరంతా అనుకునేది. మెడ ఉబ్బించి, అంచు మీద అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేస్తూ, పొద్దస్తమానం గుటుర్రు గుటుర్రు అంటుండేవాడు. ఏమంటున్నావయ్యా అని అడిగితే మళ్ళీ అదే అనేవాడు.

నీలాలు రెండు గుడ్లు పెడితే ఒకటి మురిగిపోయింది. రెండోది ఆలస్యంగా పిల్లయింది. దానికి చిట్టి అని పేరు పెట్టుకున్నారు. ఈకలు లేక, కళ్ళు తెరవలేక, ముక్కు ఒంటికన్నా పెద్దదై ఉండేది. చూడవచ్చినవాళ్ళు "తండ్రి పోలిక" అని చెప్పి వెళ్ళేవారు.

చిట్టికి కళ్ళు తెరిచి తొమ్మిది రోజులయ్యేసరికి మిగతా పక్షుల ఇళ్ళలో పాల మాటే లేదు. పాలున్నది ఒక్క నీలాలుకే. అదే సన్యాసమ్మ భయం. ఒక ఇంట్లో పాలున్నాయని తెలిస్తే తన పదకొండు మందికీ పాత రోజులు గుర్తొస్తాయి. అందుకని ఆ పొద్దున తానే వేపరెమ్మ పట్టుకుని బావి దగ్గరికొచ్చింది.

"ఇంకో నాలుగు రోజులు ఆగుదాం అత్తా," అంది నీలాలు. "ఇది ఇంకా మెడ నిలపలేదు."

"నీ ఒక్కదాని పిల్ల బంగారమా? మా పిల్లలవి మట్టి నోళ్ళా? నమలమ్మా నమలు."

నీలాలు నమిలింది.

మేనమామ వచ్చాడు. పేరు సింహాద్రి. గువ్వ. నీలాలుకి వరసకి అన్న. పక్కూరి జొన్నచేలో మకాం. మేనకోడలి తొలిముద్ద కోసం చేనంతా ఒకరోజు తిరిగాడు. మొన విరిగిన గింజ వద్దన్నాడు, గీత పడిన గింజ వద్దన్నాడు. అన్నిట్లోకెల్లా లావైనవి, ముత్యాల్లాంటివి, అయిదు గింజలు ఏరి తెచ్చాడు. గువ్వల్లో ఇంత శ్రద్ధ అరుదు. గూడు మాత్రం నాలుగు పుల్లలతో కడతారు, గుడ్లు కిందనించి కనపడతాయి.

"చూడు చెల్లీ, ఒక్కదానికి నలుసంత దెబ్బ లేదు," అన్నాడు.

చిట్టి నోరు తెరిచింది. సింహాద్రి అన్నిటికన్నా పెద్ద గింజ నోట్లో వేశాడు.

గింజ గొంతులో అడ్డం పడింది. చిట్టి కళ్ళు తేలేసింది. నీలాలు ఒక్క ఉదుటున పిల్లని బోర్లించి రెక్కతో వీపు మీద కొట్టింది. మూడో దెబ్బకి గింజ బయటపడింది. వేడుక చూడవచ్చిన పక్షులంతా ఊపిరి పీల్చుకున్నారు. సింహాద్రి గింజని తీసి చూసి, "విరగలేదులే," అన్నాడు.

ఆ తర్వాత చిట్టి గింజకి నోరు తెరవలేదు. గింజ చూస్తే చాలు, ముక్కు బిగించేసేది. తల్లి వంగి పాలు పోస్తే వేపచేదు. ముక్కు వెనక్కి తీసుకుని తల్లి మొహంలోకి చూసేది. ఇంకోసారి నోరు తెరిచేది. మళ్ళీ చూసేది.

"ఆకలేస్తే అదే తింటుంది. మావాళ్ళు తినలేదూ?" అంది సన్యాసమ్మ.

"మీవాళ్ళు పుట్టిన రోజే లేచి నడిచారు అత్తా."

"నడక వేరు, నమలడం వేరు."

"మనలో నమిలేదెవరు అత్తా? ఎవరికీ పళ్ళు లేవు కదా," అంది నీలాలు.

సన్యాసమ్మకి ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. ఇలాంటప్పుడు ఆమెకి పనులు గుర్తొస్తుంటాయి. వెళ్ళిపోయింది.

రెండో రోజుకి నీలాలుకి చేదు పాలు కూడా ఇంకిపోయాయి. చిట్టి ఏడుపు సన్నబడింది. మూడో రోజు పొద్దున ఏడుపు వినపడలేదు. నోరు మాత్రం తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. బావిలో కప్పలు కూడా అరవడం మానేశాయి. అవి ఎవరి కోసమూ మానే రకం కాదు.

నీలాలు పిల్లని రెక్క కింద పెట్టుకుని గోడకి చెప్పినట్టు చెప్పింది:

"పాలు మానాలని నాకూ తెలుసు. ఎప్పటికీ నా నోటి కిందే కూర్చుంటే ఇది ఎగిరేదెప్పుడు? నేనే నేర్పేదాన్ని. కానీ ముందురోజు దాకా అమ్మ నోరు తీపి, తెల్లారేసరికి చేదు. దానికేం తెలుసు కట్టుబాటు? అమ్మకి తన మీద కోపమొచ్చిందనుకుని ఉంటుంది. చేదు నమిలింది నేను, శిక్ష దానికి."

గవరయ్య అంచు మీద నడక ఆపాడు.

ఎగిరి తాటితోపుకి వెళ్ళాడు. "పిన్నీ, గింజని కాస్త నలగ్గొట్టి పెడితే?" అని సన్యాసమ్మని అడిగాడు. అతను గుటుర్రు కాకుండా మాట అనడం ఆమె వినడం అదే మొదటిసారి. అయినా కుదరదనే చెప్పింది. తన పిల్లలకి పెట్టిన గింజలన్నీ నిండు గింజలేనని కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు ఇంకెటో చూసింది.

గవరయ్య తిరిగొచ్చి, సింహాద్రి తెచ్చిన అయిదు గింజలూ వరసగా నోట్లో వేసుకున్నాడు.

"బావా! అవి నీకు తేలేదు!" అన్నాడు సింహాద్రి. మేనకోడలు తినే దాకా కదలనని మూడు రోజులుగా అక్కడే ఉన్నాడు. భోజనం కూడా అక్కడే.

"తెలుసు," అన్నాడు గవరయ్య. "గింజ విరగ్గొట్టొద్దన్నారు. నానబెట్టొద్దని ఎవరూ అనలేదు."

కిందకి దిగి బావి నీళ్ళలో ముక్కు ముంచి, తల ఎత్తకుండా చాలాసేపు తాగాడు. పైకొచ్చి చిట్టి పక్కన కూర్చున్నాడు. గింజలు మెడ కింది సంచిలో ఉన్నాయి. మింగితే అతని కడుపులోకి పోతాయి, కక్కితే ఇంకా గట్టిగానే ఉంటాయి. అందుకని రెండూ చేయకుండా కూర్చున్నాడు. నోరు తెరిస్తే ఏమవుతుందోనని గుటుర్రు కూడా అనలేదు. మెడ మాత్రం ఉబ్బి ఉంది. పక్క పొలంలోని పిచ్చుకలు ఆ నిశ్శబ్దానికి కంగారుపడి, ఏమైందో చూడడానికొచ్చాయి.

పొద్దెక్కింది. గవరయ్య తినలేదు. మళ్ళీ నీళ్ళు తాగొచ్చి కూర్చున్నాడు.

"నానాయా?" అంది నీలాలు.

లేదన్నట్టు తలూపాడు.

"దీనికి ఒళ్ళు చల్లబడుతోందయ్యా."

గవరయ్య దగ్గరగా జరిగాడు. చిట్టికి అటు తల్లి, ఇటు తండ్రి. పిల్లకి అన్నం ముట్టించడం ఒక పూట వేడుక అని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. అది పిల్ల పక్కన కూర్చుని వేచి ఉండే పని అని, అలా కూర్చుంటే గానీ ఎవరికీ తెలియలేదు. సింహాద్రికీ కొంత తెలిసింది. మేనకోడలికి ఎండ తగలకుండా అడ్డంగా నిలబడ్డాడు.

మిట్ట మధ్యాహ్నం చిట్టి కదిలింది. కళ్ళు సగమే తెరిచింది. వెచ్చగా ఉన్న వైపుకి మెడ చాచింది. ఆ వైపు ఉన్నది తండ్రి. అతని ముక్కు పక్క తడిమి, సందు దొరికించుకుని, తన ముక్కంతా అతని నోట్లోకి దూర్చేసింది. నానిన గింజ ఒక్కటైనా దిగుతుందేమోనని గవరయ్య మెడ వంచి, లోపలినించి మెల్లగా పైకి తెచ్చాడు.

గింజ రాలేదు. తెల్లగా, చిక్కగా, మీగడ ముద్దలాంటిదేదో వచ్చింది.

చిట్టి మింగింది. ఇంకా లోపలికి దూరింది. ఇంకా మింగింది.

నీలాలు వంగి, పిల్ల ముక్కు చివర అంటుకున్నది రుచి చూసింది.

"పాలు," అంది.

గవరయ్యకి పాలు వచ్చాయి. ఎలా వచ్చాయని నన్నడగకండి. మగపక్షులు వేపాకు నమలలేదు, నమలమని ఎవరికీ తోచలేదు. అంతవరకే నాకు తెలుసు.

కబురు తాటితోపుకి చేరింది. సన్యాసమ్మ వచ్చి చూసింది. నీలాలుని తిట్టాలని వచ్చింది కానీ, కట్టుబాటులో తండ్రి పాల సంగతి లేదు. ఇంటికి వెళ్ళి మొగుణ్ణి చాలాసేపు చూసింది. పుంజు కంచె ఎక్కి కూశాడు.

నాలుగో రోజు గవరయ్య పాలలో నానిన జొన్నగింజ ఒకటి కలిసి వచ్చింది. చిట్టి గమనించకుండా మింగేసింది. అయిదో రోజు రెండు. పది రోజులకి పాలకన్నా గింజలెక్కువ. నెల తిరక్కుండానే చిట్టి గూటి అంచు మీద నిలబడి, ఎవరూ చెప్పకుండా ఎగిరి, జొన్నచేలో వాలింది.

నీలాలు మళ్ళీ వేపాకు ముట్టలేదు. మరుసటి విడత పిల్లలప్పుడు ఆమెకీ పాలు వచ్చాయి, గవరయ్యకీ వచ్చాయి. మిగతా తల్లులు విడతవిడతకీ వేపాకు నమిలి నమిలి, చివరికి వాళ్ళ సంతానంలో పాలు పుట్టడమే ఆగిపోయింది.

అప్పటినుంచే పక్షుల్లో పావురాల ఇంట పాలు మిగిలాయి. గువ్వలకీ మిగిలాయి, వాళ్ళు నీలాలుని చూసి వేపాకు మానేశారు. పిల్లకి తల్లీ పాలిస్తుంది, తండ్రీ పాలిస్తాడు. పిల్ల తన ముక్కుని వాళ్ళ నోట్లోకి దూర్చి తాగుతుంది. మొదట్లో పాలే ఇస్తారు. తర్వాత పాలలో నానిన గింజ ఒకటి, తర్వాత నాలుగు. పాలు ఏ రోజున ఆగిపోయాయో పిల్లకి తెలియదు. అడిగితే తల్లిదండ్రులూ సరిగ్గా చెప్పలేరు.