ఒరిగిన చిలక

మరమగ్గాల చప్పుడు ఇంకా ఎవరి చెవినా పడని రోజుల్లో, ఒకానొక రాజ్యంలో గవరయ్య అనే ముసలి అద్దకం పనివాడు ఉండేవాడు. చెక్క అచ్చును రంగులో అద్ది, పట్టుచీర మీద ఆనించి, అరచేత్తో ఒక్క చరుపు చరిచాడంటే చిలక వచ్చి వాలినట్టే ఉండేది. ఆహా, ఏం రోజులవి! ఏం చేతులవి!

ఆ దేశపు రాజు రణధీరవర్మకు మీసం బారెడు, ఓపిక బెత్తెడు. కూతురి సీమంతానికని గవరయ్య తెచ్చిన చీరను సభలో పరిపించి, అంచు పొడుగునా కళ్ళు చిట్లించి చూశాడు.

“ఈ చిలకేమిటోయ్, పక్కకి ఒరిగింది?”

“చేత్తో అద్దింది కదా, ప్రభూ.”

“సాకులు చెప్పకు! మా ఇంటి చీరలో వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. పున్నమిలోగా మరొకటి అద్ది తెచ్చావా సరే, లేదా నీ అచ్చులన్నీ మా వంటశాల పొయ్యిలోకే!”

ఆ అచ్చులు గవరయ్య తాత చెక్కినవి. తండ్రి బొటనవేలు ఆనీ ఆనీ వాటి పిడి మీద గుంట పడింది. అందులో తన వేలు పెట్టినప్పుడల్లా గవరయ్యకు అయ్య చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. అవి కాలిపోతే ఇక తానెందుకు?

మర్నాడు పట్టుగుడ్డ ముక్క, రంగుపళ్ళెం పట్టుకుని సభకొచ్చాడు.

“తేడా లేకుండా అద్దడం మా వంశంలో ఎవరికీ చేతకాలేదు, ప్రభూ. తమ రాజముద్రా అచ్చే కదా! నాలుగుసార్లు వేసి చూపిస్తే నేర్చుకుంటాను.”

“ఓస్, ఇంతేనా!” అని రాజు మీసం దువ్వి, టపటపా నాలుగు ముద్రలు వేశాడు. ఒకటి చిక్కగా పడింది, ఒకటి వెలవెలబోయింది. మూడోదాంట్లో సింహానికి తోక లేదు. నాలుగో సింహమైతే పడుకోబోతున్నట్టుంది! సభంతా నవ్వు బిగబట్టుకుంది.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. “వీటిలో తమరిది ఏది, ప్రభూ? మిగతా మూడూ దొంగముద్రలని చాటింపు వేయించమంటారా?”

“నోర్ముయ్! నాలుగూ నావే. నా చేత్తో వేసినవే!”

“చిలకలన్నీ నావే, ప్రభూ. నా చేత్తో వేసినవే.”

రాజు పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ చీర అంచు చేతిలోకి తీసుకున్నాడు.

“మా అమ్మ చెంగునా ఇలాంటి చిలకే ఉండేదోయ్. పసితనంలో జాతర గుంపులో తప్పిపోతే, ఆ ఒరిగిన చిలకను చూసే అమ్మను పోల్చుకున్నాను.”

“అది మా అయ్య అద్దింది, ప్రభూ.”

రాజు కళ్ళు చెమర్చాయి. తన చేతి కంకణం తీసి గవరయ్య చేతికి తొడిగాడు.

“మరో చీర వద్దు. అమ్మాయికి ఇదే కట్టండి. రేపు పుట్టబోయే పసివాడు వాళ్ళమ్మను పోల్చుకోవద్దూ!”