అయిదు కుండల చింతపిక్కలు

అనగనగా ఒక ఊళ్ళో... ఏ ఊరని అడక్కండి, మా అమ్మమ్మ నాకూ చెప్పలేదు. ముందు కాళ్ళు దులుపుకుని పక్కెక్కండి. ఆ, ఆ ఊళ్ళో నాంచారని ఒక కోడలు. ఆమె మావగారు ఓబయ్య. ఆయనకి రాజుగారి దగ్గర ఉద్యోగం. ఏం ఉద్యోగమనుకున్నారు? జనం మనసులో ఏముందో కనుక్కు రావడం!

రాజు పెద్ద కాలవ ఒకటి తవ్వించాడు. అది జనానికి నచ్చిందో లేదో ఆయనకి తెలియాలి. అందుకని ఓబయ్య ఎద్దుబండిలో ఖాళీ కుండ పెట్టుకుని ఏదో ఒక ఊరు పోయేవాడు. ఇంటికొకరు వచ్చి, గుప్పిట మూసి, కుండలో చెయ్యి పెట్టాలి. కాలవ మంచిదన్నవాళ్ళు చింతపిక్క వెయ్యాలి, వద్దన్నవాళ్ళు గులకరాయి వెయ్యాలి. ఎవరేం వేశారో పక్కవాళ్ళకి తెలీదు. ఊరంతా అయ్యాక మూతికి గుడ్డ కట్టి తెచ్చి, రాజుగారి కొట్లో అటక మీద వరసగా పెట్టేవాడు.

ఊఁ కొడుతున్నారా? ఒరే హేమంతూ, ఆ నోరు తెరిచింది ఊఁ కొట్టడానికా, ఆవలించడానికా?

అయితే ఓబయ్య వెళ్ళడానికి వేళాపాళా లేదు. వాన పడితే పల్లపు ఊళ్ళ దారి బురదని మెట్ట ఊళ్ళకి పోయేవాడు. ఎండ కాస్తే కాలవగట్టు చల్లగా ఉంటుందని పల్లపు ఊళ్ళకి పోయేవాడు. రెండో కుండ తెచ్చాక ఎద్దుకి కాలు కుంటుపడితే మూడేళ్ళపాటు గడపే దాటలేదు. మొత్తం ఏడేళ్ళకి అయిదు కుండలు తెచ్చాడు మహానుభావుడు.

ఒక సోమవారం రాజుకి తోచి, కుండలన్నీ దింపించాడు. గుడ్డ విప్పు, కుండ వంచు, పిక్కలు లెక్కెట్టు, రాళ్ళు లెక్కెట్టు. మొదటి కుండలో పదికి రెండే పిక్కలు. గుడ్డ విప్పు, కుండ వంచు, పిక్కలు లెక్కెట్టు, రాళ్ళు లెక్కెట్టు. రెండోదాంట్లో పదికి ఎనిమిది! మూడోదాంట్లో నాలుగు. నాలుగోదాంట్లో తొమ్మిది. అయిదోదాంట్లో అయిదు.

రాజుకి ఒళ్ళు మండిపోయింది. ఏమిటీ గెంతులు, నిన్న వద్దని ఇవాళ కావాలని మళ్ళీ రేపు వద్దని! అయితే జనానికి నిలకడన్నా లేదు, లేకపోతే ఓబయ్య ఇంట్లో కూచుని కుండలు నింపైనా ఉండాలి అన్నాడు. జనమే అలాంటివాళ్ళయితే కాలవ పూడ్పించేస్తాను, ఓబయ్య అబద్ధాలకోరైతే గాడిదెక్కించి దేశం దాటిస్తాను, ఏది నిజమో వచ్చే సోమవారానికి ఓబయ్యే చెప్పాలి అన్నాడు.

ఓబయ్య ఇంటికొచ్చి, విస్తరి ముందు కూచుని, ముద్ద ముట్టకుండా లేచిపోయాడు. ఆయన తిండిపుష్టి తెలిసిన నాంచారి వెంటపడింది. ఏం జరిగిందో చెప్పించుకుంది. మావగారు నిజం తెచ్చాడంటే కాలవ పోతుంది. వాళ్ళకున్న రెండు మడి చెక్కలూ ఆ కాలవ కిందవే. కాలవ ఉండాలంటే మావగారు పోవాలి. తండ్రి లేని పిల్లని కూతురిలా చూసుకున్న మనిషాయన. ఆమెకి భయమూ వేసింది, ఎప్పుడు పడితే అప్పుడు తిరిగొచ్చినందుకు ఆయన మీద కోపమూ వచ్చింది.

“ఏ కుండ ఏ ఊళ్ళో నింపారు మావయ్యా?” అనడిగింది.

“ఏడేళ్ళ నాటి ముచ్చట, నాకేం గుర్తుంటుందే అమ్మాయ్,” అన్నాడు.

నాంచారి ఊరుకుందా? పోనీ మొదటి కుండ నింపిన రోజు ఏం తిన్నారో చెప్పండంది.

చెప్పొద్దూ, ముసలాయన మొహం వెలిగిపోయింది! మొదటిసారి జొన్నరొట్టె, ఉలవచారు, పైన వెన్నపూస. రెండోసారి చేపల పులుసు, తెల్లన్నం, కొత్తావకాయ. మూడోసారి మళ్ళీ జొన్నరొట్టె, కానీ ఉలవచారులో ఉప్పెక్కువైంది. నాలుగోసారి చేపల పులుసు, ముక్కలు పెద్దవి. అయిదోసారి జొన్నరొట్టే. ఊళ్ళు మర్చిపోయాడు గానీ వడ్డన మర్చిపోలేదు. లల్లీ, నీకూ అంతేగా, పెళ్ళి ఎవరిదో తెలీదు గానీ బూరెలు ఎన్ని తిన్నావో చెప్తావు.

నాంచారి సోమవారం కొలువుకి తనే వెళ్ళింది. జొన్నరొట్టె కుండలు మూడూ ఒక వరస, చేపల పులుసు కుండలు రెండూ ఒక వరస పెట్టింది.

“మహారాజా, జొన్నరొట్టె తినేది మెట్ట ఊళ్ళవాళ్ళు, చేపలు తినేది కాలవ పారే పల్లపువాళ్ళు. మెట్టవాళ్ళని మెట్టవాళ్ళతో చూడండి. రెండు, నాలుగు, అయిదు. పల్లపువాళ్ళని పల్లపువాళ్ళతో చూడండి. ఎనిమిది, తొమ్మిది. గెంతింది జనం కాదు, మా మావగారి బండి.”

కొలువంతా నవ్వారు. రాజు నవ్వలేదు. కుండే లేని ఆ మూడేళ్ళూ మెట్టవాళ్ళ మనసెలా ఉందో చెప్పమన్నాడు.

“ఎవరూ అడగలేదు గనక నాకు తెలీదు మహారాజా. ముందు రెండు, తరవాత నాలుగు. మధ్యలో మూడుకి అటూఇటూగా ఉండుంటుంది. ఖాయంగా చెప్పమంటే చెప్పను.”

ఖాయంగా చెప్పేవాళ్ళు ఆ కొలువులో చాలామందే ఉన్నారు. చెప్పలేనన్న మనిషిని రాజు చూడ్డం అదే మొదలు. ఆయన గొంతు మెత్తబడింది. మరి మెట్టవాళ్ళు మెల్లమెల్లగా ఎందుకు మనసు మార్చుకుంటున్నారని అడిగాడు.

అది కుండ చెప్పదు, మనిషిని అడగాలి అంది నాంచారి. అడిగిస్తే ఏం తేలింది? కాలవ వాళ్ళ గొడ్లదారిని అడ్డంగా కోసేసింది. పాపం వాళ్ళే ఏడాదికొక చోట తాటిదుంగలు పడేసుకుని, గొడ్లని దాటించుకుంటున్నారు. దుంగలు పడ్డ ఊళ్ళో కాలవ మీద కోపం తగ్గింది, పడని ఊళ్ళో అలాగే ఉంది. ఏడేళ్ళూ రాజు పిక్కలు లెక్కపెట్టాడే గానీ, రాయి వేసినవాణ్ణి ఎందుకయ్యా అని అడగలేదు. సిగ్గుపడి, కాలవ పొడుగునా గొడ్లు దాటే వంతెనలు కట్టించాడు.

ఓబయ్య గాడిదెక్కలేదు. అప్పట్నుంచి ఏటా ఒకే నెలలో, మెట్టకొక కుండ, పల్లానికొక కుండ, మూతి మీద సున్నంతో గుర్తు. ఏటా రొట్టే దక్కింది, చేపా దక్కింది, ఇంకేం కావాలి ఆయనకి! తరవాతేడు కుండ నాంచారి గుమ్మంలోకీ వచ్చింది. ఆమె గుప్పిట మూసి చెయ్యి పెట్టింది. ఏం వేసిందో మావగారికే చెప్పలేదు, నాకేం చెప్తుంది.

ఏం లల్లీ, పోయిన సెలవులకీ ఇప్పటికీ నాలుగు వేళ్ళు పెరిగానని గుమ్మం మీద గీత చూపించావే? అప్పుడు వట్టి కాళ్ళతో నిలబడ్డావు, ఇవాళ పీటెక్కావు. రేపు పొద్దున పీట దిగి నిలబడు, అప్పుడు చెప్తాను ఎంత పెరిగావో. కథ కంచి దారి పట్టింది, ఇక మనం దుప్పట్లోకి దూరదాం.